వంచిన చాలు

కర్లూ వెల్, యార్క్ ద్వీపకల్పం,
దక్షిణ ఆస్ట్రేలియా,
6 అక్టోబరు 1878.

గౌరవనీయులైన కెజియా అత్తయ్యకు,

మీరు నన్ను మూడేళ్ల పిల్లగా ఓడ ఎక్కించారు. ఇప్పుడు నాకు పందొమ్మిది. ఏటా క్రిస్మస్‌కు మీకు ఉత్తరం రాసే అమ్మ పోయి రెండేళ్లయింది. నాన్న కలం పట్టడు కనుక ఆ బాధ్యత నామీద పడింది. అమ్మలాగా క్షేమ సమాచారాలతో సరిపెట్టే స్వభావం నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. నేను మిమ్మల్ని ఒక ప్రశ్న అడగడానికి రాస్తున్నాను. దానికి జవాబు కావాలి.

విషయం ఇది. సర్కారు మాకు కౌలుకిచ్చిన మూడు వందల ఎకరాల్లో మాలీ పొద తప్ప మరొకటి లేదు. పైకి మనిషికి రెండింతల ఎత్తున సన్నని కొమ్మలు, నేలలో బండరాయి లాంటి వేరుగడ్డ. కొమ్మలు నరికినా గడ్డ మిగులుతుంది. గడ్డకు తగిలిన కర్రు విరుగుతుంది. కౌలు పత్రం ప్రకారం వచ్చే జూన్ నెలాఖరుకు ఎనభై ఎకరాలు సాగులో ఉండాలి. లేకపోతే నేల మొత్తం వెనక్కి పోతుంది. పధ్నాలుగేళ్లు ఇతరుల పొలాల్లో కూలికి దున్ని నాన్న సంపాదించుకున్న ఒకే ఒక్క వస్తువు ఈ నేల. నేటికి సాగులో ఉన్నవి ముప్ఫై నాలుగు ఎకరాలు.

ఎందుకింత తక్కువ అంటారా? నాన్న ప్రతి గడ్డనూ గడ్డపారతో పెకలించి తీసిన తర్వాతే నాగలి పెడతాడు. చాలు తిన్నగా రావాలట. పక్క పొలం ట్రెగెంజా కార్న్‌వాల్ నుంచి వచ్చిన మనిషి. ఆయన ఈ ప్రాంతంలోనే కొత్తగా తయారైన గెంతు నాగలి కొన్నాడు. దాని కర్రు మడతబందు మీద ఉంటుంది. గడ్డ తగిలితే పైకి లేచి, దాటి, అవతల మళ్లీ మట్టిలో దిగుతుంది. చాలు పాములా మెలికలు తిరిగినా ఒక్క పంటకారులో అరవై ఎకరాలు దున్నాడు.

"ఏం ఫిన్‌బో, ఇవాళ ఎన్ని పళ్లు పీకావు?" అని ఆయన రోజూ కంచె మీది నుంచి పలకరిస్తాడు. గడ్డలను ఆయన పొలం పళ్లంటాడు.

"మూడు" అంటాడు నాన్న.

"బాగుంది. నీ పళ్లు ఊడేలోగా పొలం పళ్లు కూడా అయిపోతాయిలే. నా నాగలి పట్టుకుపోవయ్యా, కరవదు."

"అది దున్నడం కాదు. తాగినవాడు నడిచినట్టుంది."

నా ప్రశ్న: ఒక చాలు తిన్నగా ఉండటం ఒక మనిషికి తన నేలకంటే ఎందుకు ఎక్కువైంది? ఆయన మీ అన్నగారు. మీకు తెలిసి ఉండాలి.

నా గురించి ఒక్క మాట. మా ప్రార్థనా మందిరంలో మంగళవారాలు చర్చాసభ జరుగుతుంది. స్త్రీలు వినవచ్చు గాని మాట్లాడరాదన్నారు. ఆ నియమం ఎక్కడ రాసి ఉందో చూపమన్నాను. ఎక్కడా లేదు. అందుచేత మాట్లాడుతున్నాను.

మీ మేనకోడలు,
థర్జా ఫిన్‌బో

*

థార్న్‌హోల్ట్, సఫోక్,
8 డిసెంబరు 1878.

పిల్లా థర్జా,

నీ ఉత్తరం అందింది. మొదటి ఉత్తరంలోనే అత్తను బోనులో నిలబెట్టావు. మీ అమ్మ ఎంత నెమ్మదస్తురాలు! నీకీ నోరు ఫిన్‌బోల వైపు నుంచే వచ్చి ఉంటుంది, అందులోనూ మగవాళ్ల నుంచి కాదు.

మీ నాన్న సంగతి అడిగావు. ఏముంది చెప్పడానికి? ఈ చుట్టుపక్కల ఏడు ఊళ్లలో అంత తిన్నగా దున్నినవాడు లేడు. మా నాన్న నేర్పిన విద్య అది. ఆదివారం చర్చినుంచి వచ్చే జనం దారి మళ్లి వెళ్లి మరీ జాబెజ్ చాళ్లు చూసి పోయేవాళ్లు. దున్నకం పోటీలో మూడేళ్లు వరసగా గెలిచి, దొర చేతుల మీదుగా ఇత్తడి గుండీల కోటు తెచ్చుకున్నాడు. ఊరు విడిచేదాకా ప్రతి ఆదివారం ఆ కోటే తొడిగాడు. అలాంటివాడికి వంకర చాలు రోత పుట్టిస్తుంది. అందులో వింతేముంది?

ఇక్కడ పని తక్కువ, అక్కడ నేల ఎక్కువ. అందుకని వెళ్లాడు. అంతకు మించి ఏమీ లేదు. వెళ్లిన రోజు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మార్చి నెల, మంచు వాన. బండి మీద ఒక్క చొక్కాతో వణుకుతుంటే నా శాలువ తీసి భుజాల మీద కప్పాను.

నాన్నను ప్రశ్నలతో వేధించకు. ఆయన నీకంటే ఎక్కువే చూశాడు. నా చిక్కుడు పాదుకు మంచు కొట్టింది గాని దుంపలు బాగా దిగాయి.

మీ అత్త,
కెజియా

*

కర్లూ వెల్,
9 ఫిబ్రవరి 1879.

గౌరవనీయులైన అత్తయ్యకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీకు కోపం రావచ్చు గాని ప్రత్యర్థి మాటల్లోనే ప్రత్యర్థిని పట్టుకోవడం నా అలవాటు. ఊరు విడిచేదాకా ప్రతి ఆదివారం నాన్న ఆ కోటు తొడిగాడని ఒకచోట రాశారు. పది పంక్తుల తరువాత మంచు వానలో ఒక్క చొక్కాతో వణికాడన్నారు. ఆ కోటు ఏమైంది, అత్తయ్యా? మూడేళ్లు గెలిచిన మనిషికి ఏడు ఊళ్లలో పని దొరకకపోవడం ఏమిటి?

ఇక్కడి సంగతి. జనవరిలో ట్రెగెంజా తన ఎద్దులతో బరువైన దొర్లుడు దుంగ కట్టి మాకు నలభై ఆరు ఎకరాల పొద అణచిపెట్టాడు. ఎండాక నేనే నిప్పు పెట్టాను. నాన్న అడ్డు చెప్పలేదు, సాయమూ చేయలేదు. ఇప్పుడు ఆ నేల నల్లగా, బూడిదతో, వాన కోసం సిద్ధంగా ఉంది. గడ్డలు మాత్రం నేలలోనే ఉన్నాయి. గెంతు నాగలి మేడి పట్టి నేను ప్రయత్నించాను. రెండో గడ్డ దగ్గరే అది నన్ను ఎత్తి పక్కన పడేసింది. ట్రెగెంజాకు తన దున్నకమే తెమలదు. ఇక నాన్న పట్టాలి, లేదా నేల పోవాలి.

నిన్న భోజనాల దగ్గర తేల్చుకోవాలనుకున్నాను.

"ఆ నాగలి పడితే నీకు పోయేదేమిటి నాన్నా?"

"పేరు."

"ఎవరి దగ్గర? ఇక్కడ నీ చాళ్లు చూసేది కంగారూలు. వాటికి అభిప్రాయాలు లేవు."

"చేతకాక వంకర దున్నాడని ఒకసారి అనిపించుకున్నాను. మళ్లీ అనిపించుకోను."

"ఒకసారా? ఎప్పుడు? ఎవరన్నారు?"

"మటన్ చల్లారిపోతోంది. తిను."

అత్తయ్యా, ఆ 'ఒకసారి' మీ ఊళ్లోనే జరిగి ఉండాలి. మీరు దాస్తున్నారు. ఏ కారణంతో దాస్తున్నారో నాకు తెలియదు. జూన్‌లో మా నేల పోతే ఆ కారణంలో నాకూ వాటా ఉంటుందని మాత్రం చెబుతున్నాను.

థర్జా

*

థార్న్‌హోల్ట్,
30 మార్చి 1879.

థర్జా,

చెబుతాను. పాత దొర జనవరిలో పోయాడు. ఆయన బతికున్నంత కాలం నోరు మెదపనని మీ నాన్న నాచేత బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు. నీ ఉత్తరం వచ్చేసరికి ఆ ఒట్టు తీరిపోయింది. అయినా కలం తీయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఊరి చివర బీడు అంచున పదకొండు పేదల మళ్లు ఉన్నాయి. మా తాతల నాటి నుంచి అక్కడే దుంపలు, చిక్కుళ్లు వేసుకుంటున్నాం. వాడుకే గాని కాగితం లేదు. అరవై ఒకటిలో దొర ఆ బీడు తన పొలంలో కలుపుకుందామనుకున్నాడు. పొలిమేర గీయడానికి ఇక్కడి పద్ధతి ఒకటుంది. మంచి దున్నకపువాడిని పిలిచి ఒక్క చాలు వేయిస్తారు. సర్వేయరు దాని వెంట మేకులు కొట్టి పటం రాసుకుంటాడు. పటమెక్కితే అదే హద్దు.

గేటు నుంచి గాలిమర దాకా తిన్నగా చాలు తీయమన్నారు. తిన్నగా తీస్తే పదకొండు మళ్లూ దొర వైపు పడతాయి. అందులో ఒకటి నాది. అప్పటికి నా మగడు పోయి ఆరు నెలలు, చంకలో ఒకడు, చేతిలో ఒకతె.

ఊరంతా చేరింది. దొర గుర్రం మీద ఉన్నాడు. జాబెజ్ ఇత్తడి గుండీల కోటుతో మేడి పట్టాడు. సగం దూరం దారం పట్టినట్టు వచ్చింది. మళ్ల దగ్గరకు రాగానే చాలు విల్లులా వంగి, పదకొండు మళ్లనూ చుట్టి, మళ్లీ గాలిమర వైపు తిరిగింది. జనం నవ్వారు. దొర గుమాస్తా గట్టిగా అన్నాడు: "తాగి వచ్చావురా?"

మీ నాన్న జీవితంలో చుక్క ముట్టలేదు. తాగనని మందిరంలో అందరి ముందూ సంతకం పెట్టిన మనిషి. ఒక్క క్షణం నా వైపు చూశాడు. తరువాత, "అవునండి, తాగాను" అన్నాడు.

కావాలని వంచానంటే మర్నాడే సర్వేయరును నిలబెట్టి ఇంకొకడితో దున్నించేవాళ్లు. తాగుబోతు తప్పుకు దొర కూడా నవ్వాడు. సర్వేయరుకు సాయంత్రం బండి వేళవుతోంది, అప్పటికే మేకులు కొట్టేశాడు. తన ఊరి మొనగాడు తాగి చెడగొట్టాడని చెప్పి రెండోసారి పిలిపించడం దొరకు చిన్నతనమైంది. వంకర వంకరగానే పటమెక్కింది. కోటు మాత్రం అక్కడికక్కడే ఒంటిమీది నుంచి ఊడబీకారు. మందిరం వాళ్లు పేరు కొట్టేశారు. ఎవరూ పనికి పిలవలేదు.

ఇప్పుడు అసలు మాట. నవ్వినవాళ్లందరికీ తెలియదని నేననుకోను. పదకొండిళ్లలో కొందరైనా పోల్చుకునే ఉంటారు. దుంపలు తిన్నారు, నోరు మూసుకున్నారు. నేనూ తిన్నాను, మూసుకున్నాను. ఒట్టు ఉంది, నిజమే. ఒట్టు చాటున కూర్చోవడం హాయిగా కూడా ఉండేది. అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉత్తరం మీ నాన్నకు చదివి వినిపించు.

కెజియా

*

కర్లూ వెల్,
24 ఆగస్టు 1879.

ప్రియమైన అత్తయ్యకు,

గెలిచాం. ముందు ఆ మాట రాసి, తరువాత వరసగా చెబుతాను. వరస తప్పితే వాదం బలహీనపడుతుంది.

మీ ఉత్తరం మే పదిహేడున అందింది. నాన్న కర్రుకు పదును పెడుతుండగా పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. పదును పెట్టడం ఆపలేదు. చదవడం అయ్యాక, "కెజీ చెప్పేసిందన్నమాట" అన్నాడు.

"ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మీ నాన్న ఊరందరి ముందూ అబద్ధమాడాడు, దానికి గర్వపడమనా?"

"నీ జీవితంలో అందరికంటే బాగా దున్నిన చాలు అదే నాన్నా. దానికి ప్రాయశ్చిత్తంగా పదిహేడేళ్లు తిన్నగా దున్నుతున్నావు. ఇంతకంటే పేలవమైన వాదం చర్చాసభలో కూడా వినలేదు."

నన్ను తిడతాడనుకున్నాను. లేచి, ఆకురాయి గూట్లో పెట్టి, కంచె దాకా నడిచి వెళ్లాడు.

"ట్రెగెంజా, ఆ దిక్కుమాలిన నాగలి ఖాళీగా ఉందా?"

"నీకోసం వేరేది తెప్పించి పెట్టా. వాన పడ్డ దగ్గర్నుంచి చూస్తున్నా, ఎప్పుడొస్తావా అని."

"పళ్ల జోకు వేశావంటే తీసుకోను."

"వెయ్యను. ఈ వారం."

అత్తయ్యా, నాన్న ఆ నాగలి నడపడం మీరు చూసి ఉండాలి. మొదటి రోజు దానితో పోట్లాడాడు. మూడో రోజుకు స్నేహం కుదిరింది. చిన్న గడ్డల మీద గెంతించాడు, పెద్దవాటి చుట్టూ వంచాడు, గడ్డ లేనిచోట దారం పట్టినట్టు తీశాడు. వెనుకనే నేను విత్తనం చల్లాను. జూన్ ఇరవై ఎనిమిదిన నలభై ఆరో ఎకరం ముగిసింది. గడువుకు ఇంకా రెండు రోజులుంది.

జూలై పద్నాలుగున తనిఖీదారు పిల్‌బీమ్ వచ్చాడు. గుర్రం మీది నుంచే చూసి నివేదిక రాసుకుపోయాడు: 'మోళ్లు తొలగించనందున నలభై ఆరు ఎకరాలను సాగుగా పరిగణించడానికి వీలులేదు, కౌలు రద్దుకు సిఫారసు.' అభ్యంతరం ఉంటే ఆగస్టు ఇరవైన పట్నంలోని సభామందిరంలో భూముల మండలి సభ్యులు ముగ్గురి ముందు చెప్పుకోవచ్చునన్నారు.

బెంచీలన్నీ నిండాయి. మాలాగా గెంతు నాగలి పట్టినవాళ్లు అందరూ వచ్చారు. మా తీర్పే వాళ్ల తీర్పు. నాన్న లేచి, "నా తరఫున మా అమ్మాయి మాట్లాడుతుందండి" అన్నాడు.

అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఈ పిల్లా? వయసెంత?"

"వయసు ఇరవై అండి. నోటి వయసు ఇంకా ఎక్కువ" అన్నాడు నాన్న.

నేను కౌలు పత్రం ఎత్తిపట్టాను. "అయ్యా, ఇందులో ఏ మాట ఉందో పిల్‌బీమ్ గారు చదివి వినిపించాలి. 'సాగు' అని ఉందా, 'చదును' అని ఉందా?"

"సాగు అనే ఉంది" అన్నాడాయన. "చదును చేయకుండా సాగేమిటి? ఇంగ్లండులో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు."

"ఇంగ్లండు పిల్లవాడికి మాలీ గడ్డ తెలియదండి. మోళ్లు తీయాలని సర్కారు ఉద్దేశమైతే ఆ మాటే రాసి ఉండేది. రాయని మాటను పత్రంలోకి ఎక్కించే అధికారం మీకెవరిచ్చారు?"

"అది వాడుక."

"ఎక్కడి వాడుక? ఈ ద్వీపకల్పంలో ఆ వాడుక ఎప్పటినుంచి? సరే, అది వదిలేస్తాను. మా పొలంలో మీరు గుర్రం దిగారా?"

"దిగలేదు. అవసరం రాలేదు."

"గుర్రం ఏమైనా మేసిందా?"

ఆయన అధ్యక్షుడి వైపు చూశాడు. "ఏదో కొంచెం."

"ఏం మేసింది?"

"...గోధుమ మొలకలు."

"మోళ్ల మధ్యనా?"

"మధ్యనే."

"అయ్యా, మనవి. సాగు కాని నేలలో సాగైన గోధుమను తనిఖీదారు గారి గుర్రం ఎలా మేసిందో నాకు అర్థం కావడం లేదు. ఈ వివాదంలో నేల మీద కాళ్లు పెట్టి చూసిన సాక్షి అదొక్కటే. దాని అభిప్రాయం మాకు సమ్మతం."

నవ్వులు తగ్గడానికి చాలాసేపు పట్టింది. అధ్యక్షుడు నవ్వలేదు. ఆయన నాన్న వైపు తిరిగాడు. "ఫిన్‌బో, నేను మొన్న స్వయంగా వెళ్లి నీ పొలం చూశాను. పాత ముప్ఫై నాలుగు ఎకరాల్లో చాళ్లు గీత గీసినట్టున్నాయి. కొత్తవాటిలో అవేమిటి? చేయి తప్పిందా?"

నేను లేవబోయాను. నాన్న నా భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టాడు.

"చేయి తప్పలేదండి. కావాలనే వంచాను. వంచాల్సిన చోట వంచాను. మళ్లీ దున్నమన్నా అలాగే దున్నుతాను."

సభలో ఆ మాటకు అర్థం తెలిసింది మా ఇద్దరికే. నా వాదనంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఇలా ఒప్పుకోవడం నా స్వభావానికి విరుద్ధమే.

ముగ్గురూ లోపలికి వెళ్లి అరగంటలో వచ్చారు. నేల దున్ని, విత్తి, పైరు మొలిచి ఉంటే అది సాగే, మోళ్ల ప్రసక్తి పత్రంలో లేదు, కౌలు నిలుస్తుంది. ట్రెగెంజా నాన్నను ఎత్తబోయి ఇద్దరూ బెంచీ మీద కూలబడ్డారు.

ఇంకొక సంగతి రాయకపోతే నిజాయితీ అనిపించుకోదు. వాడుకే గాని కాగితం లేదన్న మీ వాక్యం నన్ను వదలడం లేదు. మేము నీళ్లు తోడుకునే ఈ ఊట మేము తవ్వింది కాదు. మాకు ముందు ఈ నేల ఆదివాసులైన నారంగ్గా ప్రజలు దాన్ని రాతిపలక మూసి కాపాడుకున్నారు. ఇప్పుడు వాళ్లు తీరాన పాదిరీలు నడిపే మిషన్‌లో ఉంటున్నారు. వాళ్లకూ వాడుక ఉంది, కాగితం లేదు. వాళ్ల కోసం చాలు వంచినవాడెవడూ లేడు. మొన్న మంగళవారం ఆ మాట సభలో పెట్టాను, విషయం మార్చారు. వచ్చే మంగళవారం మళ్లీ పెడతాను. దీనికి నా దగ్గరా జవాబు లేదు. జవాబు లేదన్న కారణంతో ప్రశ్న మానుకోను.

మీ థర్జా

*

థార్న్‌హోల్ట్,
12 అక్టోబరు 1879.

బంగారు తల్లీ,

నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకుని పెట్టెలో పెట్టుకుంటే మళ్లీ ఒట్టు చాటున కూర్చున్నట్టే. అందుకని పంట పండుగ ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే వేళ, లేచి నిలబడ్డాను.

"కెజియా, నువ్వు ఎప్పుడూ మాట్లాడవే" అన్నాడు మందిరం పెద్ద రస్ట్. అరవై ఒకటిలో మీ నాన్న పేరు కొట్టేసిన కలం ఆయనదే.

"పద్దెనిమిదేళ్లది కలిపి ఇవాళ మాట్లాడతాను. కూర్చో" అన్నాను.

మొత్తం చెప్పాను. నీ ఉత్తరంలో మీ నాన్న 'కావాలనే వంచాను' అన్న మాట దాకా చదివి ఆగాను. తరువాత పదకొండు మళ్ల వాళ్లు ఒక్కొక్కరే లేచారు. కొందరు ముసలివాళ్లు, కొందరు పోయినవాళ్ల పిల్లలు. "మాకు తెలుసు" అన్నది ఒకతె. "మాకూ" అన్నాడు ఇంకొకడు. ఆరుగురికి తెలుసు, థర్జా. ఆరుగురికి.

పెద్దాయన రస్ట్‌కు ఎనభై దాటాయి. పుస్తకం తెప్పించి, మీ నాన్న పేరు తానే తిరిగి రాశాడు. "తాగాడని నేను నమ్మలేదు. కానీ రాయడం సులువుగా ఉండింది" అన్నాడు. నేను ఆయన్ను క్షమించానో లేదో ఇంకా తేల్చుకోలేదు.

కొత్త దొర మనుషులు హద్దు సంగతి విని వచ్చారు. చర్చి పెట్టెలో దాచి ఉన్న పటం తీయించి చూపించాను. వంకర వంకరగానే ఉంది, పాత దొర సంతకంతో. నీలాగే అడిగాను: ఇందులో ఏ గీత ఉందో మీరే చదవండి అని. వెళ్లిపోయారు.

మీ అత్త,
కెజియా

*

కర్లూ వెల్,
జనవరి 1880.

కెజీ,

నేను రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకో.

కోత అయింది. ఎనభై ఎకరాలూ. గింజ గట్టిది. ట్రెగెంజా వాళ్లూ మేమూ కలిసి కోశాం. వచ్చే కారుకు ఇంకో నలభై అణుస్తాం.

పేరు తిరిగి రాశారని థర్జా చదివి చెప్పింది. రస్ట్‌కు నా నమస్కారం చెప్పు. పెద్దవాడు, ఆయనతో పోట్లాడకు.

పిల్ల మంగళవారం మంగళవారం సభకెళ్లి ఎవరినో ఒకరిని ఏడిపించి వస్తోంది. ఆ ఊట మాట మళ్లీ పెట్టింది. ముగ్గురు లేచి వెళ్లిపోయారు. నేను కూర్చున్నాను.

నిన్ను ఇక్కడికి రమ్మని పిలుద్దామని కలం తీశాను. ఇప్పుడు పిలవను. ఆ మడిలో నీ దుంపలు తవ్వుకో. నీ తరువాత నీ పిల్లలను తవ్వమను. ఎవడొచ్చి అడిగినా ఒక్క అడుగు జరగొద్దు. నేనూ ఇక్కణ్నుంచి జరగను.

జాబెజ్